ఒక్కపొద్దు అనుకున్న పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మానుకోటలో అందింది. ఏదో సభ. నా వంతు ఇంకా రాలేదు, ముందు మాట్లాడుతున్నాయన దిగేలా లేడు. ఫోన్ మోగితే బయటికి వచ్చాను. "పెద్దమ్మ పోయింది. చాయ్ తాగుకుంట తాగుకుంటనే గోడకు ఒరిగింది. నేను పిలిస్తె పలుకలే. నువ్వు ఎంటనే రా," అంది నా భార్య.

సభ వాళ్ళకు చెప్పి స్టేషన్‌కు నడిచాను. అక్కడి నుంచి జనగామకు రైలు ప్రయాణం పెద్దదేం కాదు. ఆ కాస్త దూరంలోనే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. చావు మీద కోపం ఎందుకు? డెబ్బై దాటిన మనిషి, ఎవరి చేతా చేయించుకోకుండా, చాయ్ తాగుతూ పోయింది. అంతకంటే మంచి చావు ఎవరికి దొరుకుతుంది? నా కోపమంతా ఆమె చివరి రెండేళ్ళూ మోసిన బరువు మీద. అది ఆమె మోయాల్సింది కాదు. మోయాల్సిన వాళ్ళు దాన్ని ఎంత నున్నగా ఒక ముసలామె నెత్తిన పెట్టి పోయారో చెప్పకుండా ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు. పోయినామె గురించి రాయమన్నా తగువే పెట్టుకుంటాడు అని మీరు అనొచ్చు. అనండి. ఆమె కూడా అనేది.

ఆమె నాకు చుట్టం కాదు. జనగామలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ, అంతే. పుట్టిల్లు నర్మెట్ట దిక్కు ఒక ఊరు. భర్త పోయాడు. ఒక్కతే బిడ్డ రఘునాథపల్లిలో కాపురం చేసుకుంటోంది. పిలిచినా పోకుండా ఈమె ఇక్కడే ఉండిపోయింది. కింద తాను, పైన కిరాయికి ఒక గది. ఆ గోడ మీద ఏళ్ళ తరబడి గిన్నెలు అటూ ఇటూ నడిచాయి. మాటలు ఇంకా ఎక్కువ నడిచాయి.

"ఇయ్యాల ఎవల్ని తిట్టినవ్ సారూ పేపర్ల?" ఇది పొద్దున పలకరింపు.

"మీ దేవుణ్ణే పెద్దమ్మా."

"తిట్టు తిట్టు. నేనన్న పండుగకు ఒకపారి యాది చేస్త. నువ్వు దినాం ఆయిన పేరు తీస్తవ్. పుణ్యమంత నీకే."

ఊరూరా తిరిగి హేతువాదం మాట్లాడే నేను ఆ గోడ దగ్గర మాత్రం రోజూ ఓడిపోయేవాణ్ణి. శనివారాలు ఆమె ఒక్కపొద్దు ఉండేది. పగలంతా తినకుండా పొద్దుగూకినాక ఒక్క పూట. నేను ఊరుకోను కదా, నువ్వు తినకపోతే శని వదులుతాడా అని వాదనకు దిగేవాణ్ణి. "శని ఇడుస్తడో లేదో తెల్వది గని కడుపుల గ్యాసైతె ఇడుస్తది. నువ్వు గూడ ఉండు, నీ పొట్ట జూస్తె గట్లనే ఉంది," అనేది. ఆ తర్వాత గోడ మీద ఒక గిన్నె ప్రత్యక్షమయ్యేది, చింతచిగురు పప్పో, మక్క గారెలో. తిట్టిన నోటికి తిండి పెట్టకుండా ఆమె ఏ తగువూ ముగించలేదు.

రెండేళ్ళ కింద, వానలు పడకముందు, ఆ పై గదిలోకి ఇద్దరు కుర్రాళ్ళు దిగారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మండే ఎండలో కూడా మెడకు టై, జేబు మీద పేరు పలక. ఒకడిది పసిఫిక్ సముద్రంలో ఎక్కడో చిన్న దీవి. తలుపుకు అడ్డంగా పట్టేంత భుజాలు, ముఖంలో మాత్రం చిన్న పిల్లాడు. రెండోవాడు కొత్తగూడ అడవుల్లోని ఒక తండా పిల్లాడు, లంబాడీ. ఇంట్లో వాళ్ళది వేరే పూజలు, వీడు హాస్టల్లో ఉండి చదువుతూ ఇటు వచ్చాడు. ఒక విదేశీ మత సంఘం ఇద్దర్నీ రెండేళ్ళ సేవకు పంపింది. సంఘం పేరు రాయను. రాస్తే, అది వాళ్ళ రోగం, మాది కాదు అని మిగతా సంఘాలూ మఠాలూ ఆశ్రమాలూ చేతులు కడుక్కుంటాయి. వాళ్ళకు అంత సుఖం ఇవ్వదలచుకోలేదు.

వాళ్ళ నియమాలు తండా పిల్లాడే ఒక్కొక్కటిగా పెద్దమ్మకు చెప్పాడు. ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉండాలి, ఒకడి కంటి ముందు నుంచి ఇంకొకడు కదలకూడదు. ఇంటికి ఫోన్ వారంలో ఒక్క రోజే. సినిమా లేదు, పేపరు లేదు, చాయ్ లేదు. ఒంటరి ఆడమనిషి ఉన్న ఇంట్లోకి పోకూడదు, రానివ్వకూడదు, పక్కన ఇంకో మగాడు ఉంటే తప్ప. మీసం సరిగ్గా రాని ఆ ఇద్దరూ ఒకరినొకరు 'పెద్ద' అని అర్థమొచ్చే బిరుదుతో పిలుచుకోవాలి. దీవి పిల్లాడు సీనియర్, వాడి మాట వీడు వినాలి.

నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మకు ఏమీ వింతగా అనిపించలేదు.

"మాలల ఉన్నరు కొడుకా. మన పోరగాండ్లు నలభై దినాలు ఏస్కుంటరు, గీళ్ళు రెండేండ్లు ఏస్కున్నరు. గంతే. మెడల గుడ్డ ఉన్నది సూడు, గదే మాల."

ఆ రోజు నుంచి వాళ్ళు ఆమెకు స్వాములు. దీవి పిల్లాడు పెద్ద స్వామి, తండా పిల్లాడు చిన్న స్వామి. తాను పైకి పోకూడదు, వాళ్ళు కింద తన ఇంట్లోకి రాకూడదు కాబట్టి సాయంత్రం పూట మెట్ల నడుమ మలుపులో మూత పెట్టిన గిన్నె పెట్టి ఒక కేక వేసేది. పొద్దునకల్లా గిన్నె కడిగి అక్కడే బోర్లించి ఉండేది. దీవి పిల్లాడు మెట్ల మీద నుంచి, "పెద్దమ్మా, బువ్వ మంచిగున్నది!" అని అరవడం నేర్చుకున్నాడు. ఆ ఒక్క ముక్క కోసం ఆమె రోజూ గిన్నె నిండా పెట్టేది. నెలకొకసారి ఆదివారం వాళ్ళు ఉపవాసం ఉంటారని, నీళ్ళు కూడా ముట్టరని తెలిసినప్పుడు ఆమె మనసులో వాళ్ళ స్థాయి ఇంకో మెట్టు ఎక్కింది. "నీళ్ళు గూడ ముట్టరట! నేను శనారం నాడు ఎన్ని చాయ్‌లు తాగుతనో. సిగ్గైతుంది," అంది.

వానలు పడ్డాయి. ఒక పొద్దున గిన్నెలో సగం అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. చిన్న స్వామి వాటా ఖాళీ అయింది. మిగతా సగం కదల్లేదు. "పెద్ద స్వామి ఒక్కపొద్దులున్నడు," అని గోడ మీద నుంచి గొంతు తగ్గించి చెప్పింది, గట్టిగా చెబితే వ్రతం చెడుతుందన్నట్టు. "ఆయిన వంతు గిట్ల పెట్టింది గట్లనే ఉంటుంది. ఏం నియమమో ఏమో, మనతోని గాదు." నేను నా అలవాటు ప్రకారం ఉపవాసాల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె తన అలవాటు ప్రకారం మధ్యలోనే లోపలికి పోయింది.

ఆ తర్వాతి రోజు మిట్టమధ్యాహ్నం, చిన్న స్వామి నల్లా దగ్గర దుప్పటి పిండుతుంటే ఆమె చూసింది. మోరీలో పారుతున్న నీళ్ళ రంగు చూసింది. వాసన చూసింది.

"ఒక్కపొద్దున్నోడు గిట్ల కక్కుకుంటడార?" అని గబగబా మెట్లెక్కింది. ఆ కేకకు నేను కూడా బయటికి వచ్చాను.

తండా పిల్లాడు పై మెట్టు మీదికి పోయి చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. "పెద్దమ్మా, నువ్వు రావద్దు. మొగోళ్ళు ఎవరన్న తోడుంటెనే..."

"నా ఇల్లు నేను ఎక్కనీకి మొగోడు కావాల్నా?"

"గది రూలు పెద్దమ్మా. నన్ను తప్పంటరు."

ఆమె వాణ్ణి ఒక చూపు చూసింది. దిగి వచ్చింది. గోడ దగ్గరికి వచ్చి నన్ను చూసి, "దా," అంది.

"ఎక్కడికి?"

"మొగోడు కావాల్నట. నాకు దగ్గర్ల నువ్వే దొరికినవ్."

"పెద్దమ్మా, అసలు ఈ రూలు ఎంత అనాగరికమైందో ముందు వాళ్ళకు చెప్పాలి. ఆడమనిషి అంటేనే..."

"చెప్పు, మల్ల చెప్పు, పేపర్ల గూడ రాయి. ఇప్పుడైతె నోరు మూసుకొని మొగోనిలెక్క నా ఎనుక నిలబడు."

ఇన్నేళ్ళలో నేను హేతువాదానికి చేసిన సేవల్లో అదొక్కటే సూటిగా పనికొచ్చింది. మగవాడిగా నిలబడ్డాను.

గదిలో రెండు చాపలు, ఒక ఫ్యాను, గోడకు వాళ్ళ రోజువారీ కార్యక్రమం. దోమతెర లేదు. దీవి పిల్లాడు గోడ వైపు తిరిగి ముడుచుకుని ఉన్నాడు. అంత పెద్ద శరీరం అంత చిన్నగా ఎట్లా ముడుచుకుందో. పెద్దమ్మ వంగి నుదుటి మీద చేయి పెట్టింది. పెట్టిన చేయి తీసేసింది. "అవ్వో! పెయ్యి పొయ్యిలెక్క కాల్తుంది!" వాడు కళ్ళు తెరిచాడు. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు. ఆమెను చూసి తన భాషలో ఎవరినో పిలిచాడు. అమ్మను అనుకుంటా. ఆ మాట ఏ భాషలోనైనా తెలిసిపోతుంది.

"ఎప్పటి సంది?" అడిగాను.

తండా పిల్లాడు గోడ చూస్తూ చెప్పాడు. "మొదలు భూపాలపల్లిలనే వచ్చింది సార్. మమ్ముల ముందుగాల ఆడ ఏసిండ్రు. అడవి పక్కన రూము. దినం తప్పి దినం వణుకుడు. సిటీల అమ్మగారికి ఫోన్ చేసినం. ఇల్లు యాదికొస్తె గట్లయితది, పనిల పడుండ్రి, తగ్గుతది అన్నది. గోలీలేస్కుంటె జర తగ్గింది. ఈడికొచ్చినంక మల్ల తిరగబెట్టింది."

"అమ్మగారంటే డాక్టరా?"

"కాదు సార్. మా పైసారు భార్య. జెరమొస్తె ముందు ఆమెకు చెప్పాలె. ఆమె వేరే దేశంల ఉన్న డాక్టరును అడుగుతది. ఆయన ఊ అంటేనే దవాఖానకు పోవాలె. ఇప్పుడు ఆడ రాత్రట. లేచినంక అడుగుతమన్నరు."

"కొత్తగూడ పిల్లాడివి. వణుకుతూ జ్వరం వస్తే ఏమిటో నీకు తెలియదా?"

"తెలుసు సార్. మా తండాల చలిజెరమంటం. సూది గుచ్చి రక్తం సూపిస్తం. మా తమ్మునికి వస్తె నేనే ఎత్తుకపోయిన. గని ఆయిన సీనియరు. చెప్పొద్దన్నడు. చెప్తె ఇంటికి పంపుతరని."

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. నాకు మతాల మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అడవిలో పుట్టి, తమ్ముణ్ణి భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తిన పిల్లాడు, తనకు బాగా తెలిసిన జబ్బును కళ్ళ ముందు పెట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు. అజ్ఞానం ఉంటే నేర్పవచ్చు. తెలిసిందాన్ని తెలియనట్టు ఉండడమే విధేయత అని పందొమ్మిదేళ్ళ వాడికి నేర్పిన వాళ్ళను ఏం చేయాలి?

నేను ఆ అమ్మగారికి ఫోన్ చేయించాను. చాలా తియ్యని గొంతు. మేమంతా ప్రార్థనలో ఉన్నాం అంది. బాగా నీళ్ళు తాగించమంది. తన అనుమతి లేకుండా స్థానిక దవాఖానల్లోకి తీసుకుపోవద్దంది, అక్కడి శుభ్రత మీద వాళ్ళకు సందేహాలున్నాయట. మోరీ పక్కన, దోమతెర లేని గదిలో పిల్లల్ని పెట్టిన వాళ్ళకు శుభ్రత మీద సందేహం! నేను ఇంగ్లీషులో అరవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నీకు పిల్లలున్నరా?"

తండా పిల్లాడు ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఉన్నారంది ఆ గొంతు, సంతోషంగా.

"వాళ్ళ పెయ్యి గిట్ల కాల్తుంటె గూడ ఇంకో దేశపోడు నిద్ర లేసేదాంక ఆగుతవా?"

ఆ మాటను తండా పిల్లాడు మార్చి చెప్పలేదు. ఫోన్ తీసుకున్నాడు. ఆపేశాడు. జేబులో పెట్టుకుని, దీవి పిల్లాడి కాళ్ళ దగ్గర కూర్చుని, నావైపు చూసి, "సార్, మీరు భుజాలు వట్టుండ్రి," అన్నాడు.

ఆటోలో వాడి తల పెద్దమ్మ ఒడిలో ఉంది. అప్పటికి ఆ రూలు మెట్ల మీదే మిగిలిపోయింది. జనగామ దవాఖానలో డాక్టరు కళ్ళు చూసి, ఎక్కడెక్కడ తిరిగాడని అడిగి, భూపాలపల్లి అనగానే ఇంకేం అడగకుండా రక్తం చూపించమన్నాడు. వేలి చివర ఒక చుక్క. మెదడుకెక్కే మలేరియా. అక్కడే మొదటి ఇంజక్షన్ ఇచ్చి అంబులెన్సులో వరంగల్ పంపించారు.

ఒక్క చుక్క రక్తం. దానికి ప్రార్థన అక్కర్లేదు, వేరే దేశపు డాక్టరు అక్కర్లేదు, చలిజ్వరాలున్న ఊళ్ళలో దవాఖాన వాళ్ళే ఇంటి ముందుకు వచ్చి తీసుకుపోతారు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలోకి దిగే కార్మికుడికి నెత్తిన టోపీ పెట్టి పంపుతారు, దెబ్బ తగిలితే దవాఖాన చూపిస్తారు. అవి సరిగ్గా లేవని కొట్లాడడానికి యూనియన్ ఉంటుంది. అదే ఊళ్ళో దేవుడి పని చేయడానికి వచ్చిన పిల్లాడికి టై ఇచ్చారు. జీతం అడిగితే కూలివాడవుతాడు, సెలవు అడిగితే విశ్వాసం తక్కువవాడవుతాడు. పని అనకుండా సేవ అని పేరు పెడితే యజమానికి ఎంత లాభమో చూడండి. మన దగ్గర ఇది కొత్తేం కాదు. పరీక్షలని జ్వరమొచ్చిన పిల్లల్ని హాస్టల్ గదుల్లో పండబెట్టి తల్లిదండ్రులకు చెప్పని కాలేజీలను మీరూ చూశారు. గురువుగారి ఆశీస్సులు ఉండగా మందులెందుకనే ఆశ్రమాలనూ చూశారు. నాకు అన్నిటినీ చూస్తే ఒకే అసహ్యం, ఏ జెండా కిందైనా.

వరంగల్‌లో పెద్దమ్మ అక్కడి నుంచి కదలనంది. వార్డు బయట కొంగు పరుచుకుని పడుకునేది, పిలిస్తే లోపలికి పరుగెత్తేది. వాడికి పూర్తిగా స్పృహ వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. బతికానా అని అడగలేదు వాడు. "నన్ను ఇంటికి పంపేస్తారా?" అని అడిగాడు.

"ఇంటికంటె గంత బుగులేందిర?" అంది పెద్దమ్మ, ఆ భయం అర్థంకాక.

తండా పిల్లాడు చెప్పాడు. వీణ్ణి పంపించేటప్పుడు దీవి మొత్తం విందు చేసి, మెడలో పూలు వేసి ఓడ ఎక్కించిందట. నడుమలో తిరిగి వచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అనరట. ఏమీ అనకుండా చూస్తారట. పిల్లనివ్వడానికి వెనకాడతారట. జబ్బుతో వచ్చాడన్నా, ఇంకేదో తప్పు చేసి ఉంటాడని గుసగుసలాడతారట.

పెద్దమ్మ గంజి కలిపి వాడి నోటికి అందించింది. తర్వాత ఆమె అన్న మాటను నేను నా ఉపన్యాసాలన్నిటి కంటే ఎక్కువసార్లు చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. "మాల నడుమ ఇప్పితె తప్పే, నేను గూడ అంట. గని పానం మీదికొస్తె స్వామే ఇప్పుమంటడు. గీ మాట చెప్పే పెద్దోడు ఒక్కడు లేడా మీ దాంట్ల?"

సంఘం పెద్దవాళ్ళు వచ్చారు, ప్రాణాపాయం తప్పిందని డాక్టర్లు చెప్పిన తర్వాత. మంచి బూట్లు, మెత్తని మాటలు, ఒక ద్రాక్షపళ్ళ సంచి. ఇది విశ్వాసానికి పరీక్ష అన్నారు. వాడి సాక్ష్యం ఎందరికో బలమవుతుందన్నారు. వాళ్ళమ్మకు పంపడానికి ఫోటో కావాలని వాణ్ణి లేపి కూర్చోబెట్టి, నవ్వమన్నారు. వాడు నవ్వాడు. చేతికి సూది అలాగే ఉంది. ఫోటోలో అది రాకుండా దుప్పటి కప్పారు. నేను చూశాను.

తర్వాత పెద్దమ్మ దగ్గరికి వచ్చారు. కృతజ్ఞతలు చెప్పారు. చెప్పి, ఎంతో మృదువుగా ఒకటి అడిగారు. అతను తినడం లేదని మీకు ముందే తెలుసా?

ఆమెకు అబద్ధం రాదు. "తెలుసు బాబు. గిన్నె ముట్టలే. నేను ఒక్కపొద్దనుకున్న."

"ఇంటామె కూడా ఉపవాసమనే అనుకున్నారట," అన్నాడు ఒకడు రెండోవాడితో, ఇంగ్లీషులో, తేలికపడ్డ గొంతుతో. నాకు ఇంగ్లీషు వస్తుందని వాడికి తెలియదు. ఆ తేలికపడ్డ గొంతును నేను చచ్చేదాకా మరిచిపోను. భూపాలపల్లి వణుకు, తియ్యని ఫోన్, వేరే దేశపు రాత్రి, అన్నీ కలిసి ఒక ముసలామె పొరపాటులోకి పోయి దాక్కున్నాయి. నేను లేచి అనాల్సినవన్నీ అన్నాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. పెద్దమ్మకు మాత్రం ఆ ప్రశ్న లోపలికి దిగింది.

ఇంటికి వచ్చిన మర్నాడు కండువాలు వేసుకున్న ఇద్దరు యువకులు గేటు దగ్గరికి వచ్చారు. మతం మారమని ఒత్తిడి చేశారా, చెప్పు పెద్దమ్మా, కేసు పెడదాం అన్నారు. "పోరడు సావుబతుకుల ఉన్నప్పుడు యాడున్నర్ర మీరు? ఒక్కడన్న వచ్చి మంచినీళ్ళు తెచ్చిండా? పోండ్రి, మీ కండువాలు ఆరేసుకోండ్రి," అని గేటు వేసింది. నాకు కొంత ఊరట.

సంఘం గది ఖాళీ చేసింది. దీవి పిల్లాణ్ణి విమానం ఎక్కించారు. బతికాడు, కానీ కుడి చెవి పోయింది. జబ్బు వల్లనే అని డాక్టర్లు చెప్పారు. ముందే వచ్చి ఉంటే అని ఒకాయన అనబోయి, పెద్దమ్మను చూసి ఆగిపోయాడు. తండా పిల్లాడు పేరు పలక తీసి ఇచ్చేసి కొత్తగూడ పోయాడు.

పెద్దమ్మ మారిపోయింది. శనివారం ఒక్కపొద్దు మానేసింది. ఎందుకని అడిగితే, "ఆకలైతుంది," అంది. పై గదిలోకి కాలేజీ పిల్లలు దిగితే రోజూ పొద్దున తలుపు తట్టి ఒక్కొక్కడి నుదుటి మీద చేయి పెట్టి చూసేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవడైనా అన్నం మిగిలిస్తే ఎందుకు మిగిలిందో చెప్పేదాకా వదిలేది కాదు. మా ఇంట్లో నేను కోపంతో ఒక పూట తినకపోయినా గోడ అవతలి నుంచి కేక వచ్చేది. "ఏమాయెర? పెయ్యి మంచిగ లేదా, పెండ్లాం మీద అలిగినవా? ఏదో ఒకటి చెప్పు!"

నేను ఎన్నోసార్లు వాదించాను. నీ తప్పు ఎట్లా అవుతుంది పెద్దమ్మా, నిన్ను పొరపాటు పడేట్టు చేసింది వాళ్ళ నియమమే, ఉపవాసాన్నీ రోగాన్నీ ఒకే తీరుగా మెచ్చుకునే చోట ఎవరికైనా తేడా ఎట్లా తెలుస్తుంది అని. నా వాదన సరైందే. ఇప్పటికీ సరైందే. ఆమె వినేది. విన్న తర్వాత అదే మాట. "నువ్వు చెప్పేది నిజమే కొడుకా. గని గిన్నె నాది. ముట్టలేదని నాకు ఎర్కే. నేనొక్క మెట్టు ఎక్కి అడిగితె ఏంబోవు?"

తన వంతు తప్పును ఆమె ఒక్కనాడు కూడా ఎవరి మీదికీ జరపలేదు. వాళ్ళు తమ వంతు ఒక్క క్షణం కూడా మోయలేదు. దేవుడున్నాడో లేడో మనం తర్వాత కొట్లాడుకుందాం. మనిషికి నీతి ఎక్కడి నుంచి వస్తుందని ఎవరైనా ఇక నన్ను అడిగితే, నేను ఆ గోడ చూపిస్తాను.

నేను జనగామ చేరేసరికి ఆమెను వాకిట్లో ఐస్ పెట్టెలో పడుకోబెట్టారు. రఘునాథపల్లి నుంచి బిడ్డ వచ్చింది. డప్పుల వాళ్ళు వచ్చారు. జనంలోంచి ఒకడు వచ్చి నా చేయి పట్టుకున్నాడు. మామూలు చొక్కా, కొంచెం గడ్డం. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. తండా పిల్లాడు.

"సార్, ఆయినకు చెప్పిన. చూస్తనంటున్నడు," అని ఫోన్ నా చేతికి ఇచ్చాడు. "నాతోని గాదు. జర మీరే సూపెట్టుండ్రి."

ఫోన్‌లో దీవి పిల్లాడు. గడ్డాలూ మీసాలూ వచ్చాయి. వెనక కొబ్బరి మట్టలు గాలికి కొట్టుకుంటున్నాయి. నేను పెట్టె అద్దం మీదికి వంగి ఆమె ముఖం చూపించాను. వాడు చాలాసేపు చూశాడు. ఏదో అన్నాడు. డప్పుల మోతలో నాకు వినిపించలేదు. నేనూ ఏదో చెప్పాను, వాడికీ వినిపించినట్టు లేదు. అప్పుడు ఆమె బిడ్డ పెట్టె మీద పడి "నాయవ్వా" అని గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. చుట్టూ ఆడవాళ్ళు అందుకున్నారు. వాడు ముఖం పక్కకు తిప్పి, ఎడమ చెవి ఫోన్‌కు ఆనించాడు. తెరంతా ఒక్క చెవే కనిపిస్తోంది. అది కదలడం లేదు. నా చేయి నొప్పి పెట్టేదాకా, వాకిట్లో ఏడుపులన్నీ వినిపించేట్టు, ఫోన్‌ను అలాగే పట్టుకుని నిలబడ్డాను.